తరగతి గదిలో అతి క్రమశిక్షణ, గుంపు పోకడ: గోదావరి డెల్టా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, గోదావరి వశిష్ట పాయకి అవతలి ఒడ్డు ఊళ్ళలోనూ చాలా ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పాను. పేరెంట్స్ మీటింగుల్లో, పెళ్ళిళ్ళలో, రేవు దగ్గర పంటు కోసం నిలబడ్డప్పుడు నన్ను జనం పదే పదే అడిగిన ప్రశ్నలివి. అడిగినవాళ్ళలో తల్లులు ఎక్కువ, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు కొందరు.

మీరు అసలు క్రమశిక్షణే వద్దంటున్నారా?

లేదండి. వేళకి రావాలి, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాలి, పక్కవాడి పుస్తకం చింపకూడదు. ఇవి లేకపోతే పాఠం సాగదు. నలభై మంది ఒకేసారి మాట్లాడే గదిలో నెమ్మదైన పిల్లకి ఏమీ వినపడదు. ఆ పిల్ల కోసమైనా నియమాలు ఉండాలి.

నా భయం వేరు. ఒక నియమం ఎందుకుందో పిల్లలు చెప్పగలిగితే అది వాళ్ళకి ఉపయోగపడుతోందన్నమాట. "ఎందుకు టీచర్?" అని అడగడమే నేరమైపోతే, ఆ నియమం పెద్దవాళ్ళ సౌకర్యం కోసం మిగిలిందని అర్థం. అక్కడి నుంచి పిల్లలు పాఠం మానేసి మన మొహం చదవడం మొదలుపెడతారు.

క్రమశిక్షణ అతి అయిందని ఎలా తెలుస్తుంది?

గదిలోకి వెళ్ళి రెండు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. మాస్టారు ప్రశ్న అడిగితే పిల్లలు నల్లబల్ల వైపు చూస్తున్నారా, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారా అన్నది చూడండి. "అర్థమైందా?" అంటే గదంతా ఒక్క గొంతుతో "అయిందండీ" అంటుంది. ఒక్కొక్కర్నీ లేపి అడిగితే ముగ్గురికి కూడా వచ్చి ఉండదు. ఆ ఏకకంఠం చూసి మురిసిపోయిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇంకో గుర్తు చాడీలు. ఒకరి తప్పు ఇంకొకరు పరిగెత్తుకొచ్చి చెప్పడం, చెప్పినందుకు మెచ్చుకోలు దొరకడం, తప్పు చేసినవాడితో మిగతావాళ్ళు మాటలు మానేయడం. ఈ మూడూ ఒకే తరగతిలో కనపడితే ఆ గది గురించి తప్పకుండా ఆలోచించాలి.

అమెరికాలో ఒక చరిత్ర మాస్టారు క్లాసులో ప్రయోగం చేస్తే చెయ్యి దాటిపోయిందట. నిజమేనా?

నిజమే. 1967 ఏప్రిల్‌లో, కాలిఫోర్నియా రాష్ట్రం పాలో ఆల్టోలో కబ్బర్లీ హైస్కూల్లో జరిగింది. మాస్టారి పేరు రాన్ జోన్స్. హిట్లర్ కాలపు జర్మనీ గురించి పాఠం నడుస్తుండగా, అంతమంది మామూలు జనం "మాకేమీ తెలియదు" అని ఎలా అనగలిగారన్న ప్రశ్న వచ్చింది. మాటలతో చెప్పే బదులు ఆయన చేసి చూపించాలనుకున్నారు.

మొదటిరోజు చేయించింది చూస్తే ఏ తప్పూ కనపడదు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, జవాబు చెప్పేటప్పుడు లేచి నిలబడడం, ముందు "మిస్టర్ జోన్స్" అని సంబోధించి క్లుప్తంగా చెప్పడం. మన బళ్ళలో రోజూ ఉండేవే! పిల్లలకి అది నచ్చింది. ఆ తర్వాత క్రమశిక్షణతో బలం, ఐకమత్యంతో బలం అంటూ నినాదాలు వచ్చాయి. తమలో తాము చేసుకోవడానికి ఒక వందనం వచ్చింది. థర్డ్ వేవ్ అని ఒక పేరు వచ్చింది. సభ్యత్వ కార్డులిచ్చారు. నియమం తప్పినవాళ్ళ గురించి చెప్పే పని కొందరికి అప్పగిస్తే, అప్పగించనివాళ్ళు కూడా వచ్చి తోటివాళ్ళ మీద చెప్పడం మొదలుపెట్టారు. 30 మందితో మొదలైన గుంపు కొద్దిరోజుల్లోనే 200 దాటింది.

భయపడిన మాస్టారు వారం తిరక్కుండానే దాన్ని ఆపేశారు. ఇది దేశమంతటా సాగుతున్న ఉద్యమమని, దాని నాయకుడు టీవీలో కనిపిస్తాడని చెప్పి అందర్నీ హాల్లోకి రప్పించారు. తెర మీద ఏమీ రాలేదు. నాయకుడూ లేడు, ఉద్యమమూ లేదు, మీరు నడిచిన దారి ఇదీ అని చెప్పి, నాజీల సభల దృశ్యాలు చూపించారు.

ఈ వివరాల్లో చాలావరకు ఆయన తర్వాత రాసుకున్న కథనం నుంచే లోకానికి తెలిశాయి. పద్ధతి ప్రకారం కొలతలు తీసుకుని చేసిన పరిశోధన కాదది. పిల్లలకి ముందుగా చెప్పకుండా అలా చెయ్యడం కూడా తప్పే. దయచేసి ఏ టీచరూ తన క్లాసులో దాన్ని మళ్ళీ చేసి చూడాలనుకోవద్దు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం ఒక చిన్న వివరం. అంతవరకూ ఎవరూ పట్టించుకోని, చదువులో వెనకబడ్డ కుర్రాడొకడు ఆ గుంపులో మొదటిసారి అందరితో సమానమయ్యాడు. మాస్టారికి కాపలాగా వెంట తిరిగేవాడట. గుంపు బెదిరించి మాత్రమే లాగదండి, ఆదరించి కూడా లాగుతుంది. వెనక బెంచీలో మనం వదిలేసిన పిల్లవాణ్ణి ముందుగా పిలిచేది అదే.

అది అమెరికా. మన గోదావరి పిల్లలు అలా చేస్తారా?

నా క్లాసులోనే చేశారు. చేయించింది నేనే.

ఏడో తరగతి. వర్షాకాలం, గోదారికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. లంక నుంచి నాటుపడవ మీద వచ్చే అబ్బాయి ఒకడుండేవాడు. ఆలస్యంగా వస్తే 20 గుంజీళ్ళు అని నేను నియమం పెట్టాను. నాకు లెక్కపెట్టే ఓపిక లేక "మీరు లెక్కపెట్టండర్రా" అని క్లాసుకి అప్పగించాను. మొదటిరోజు పిల్లలు సిగ్గుపడుతూ, నవ్వుకుంటూ లెక్కపెట్టారు. మూడోరోజుకి గొంతులు కలిశాయి. "ఒకటీ... రెండూ... మూడూ..." అని ఎక్కం చదివినట్టు రాగం వచ్చేసింది.

ఆ వారం చివర్లో ఒకరోజు నేను హాజరు పట్టీ మర్చిపోయి స్టాఫ్ రూముకి వెళ్ళాను. తిరిగొస్తుంటే వరండాలోకే లెక్క వినపడింది. నేను లేకుండానే మొదలుపెట్టేశారు. గుమ్మం దగ్గర ఆ అబ్బాయి. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి, కాళ్ళకి బురద అట్టకట్టి ఉంది. చెప్పులు చేత్తో పట్టుకొచ్చినట్టున్నాడు, పక్కన పెట్టాడు. రెండు చెవులూ పట్టుకుని లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. క్లాసు లీడరు చేతిలో చెక్క స్కేలుంది, తాళం వేస్తున్నాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి లెక్క ఇరవై ఏడు దగ్గరుంది.

ఇరవై దాటి ఎందుకు లెక్కపెట్టారని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. చెడ్డపిల్లలు కారండి వాళ్ళు. పడవ మునిగిందని పుకారు వస్తే వాడి కోసం ఏడ్చేవాళ్ళే. మొదలెట్టిన గొంతుని ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియలేదు, అంతే. రెండో వరసలో ఒక పిల్ల మాత్రం నోరు మూసుకుని కూర్చుంది. "నువ్వు లెక్కపెట్టలేదేం?" అని అడిగాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ క్షణాన నా గొంతులో ఉన్నది కోపమే. ఆ పిల్ల లేచి, "పడవ రాకపోతే వాడేం చేస్తాడు టీచర్?" అంది.

తప్పని తెలిసి కూడా పిల్లలు గుంపుతో ఎందుకు పోతారు?

పెద్దవాళ్ళూ పోతారు. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దాంతో సమానమైనదేదో చెప్పమన్నారు. చూస్తే ఎవరైనా చెప్పేస్తారు. కానీ కూర్చున్నవాళ్ళలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళు వరసగా ఒకే తప్పు జవాబు చెబుతారు. చివర్లో అసలు మనిషి వంతు వస్తుంది. అలా మొత్తం మీద నూటికి 75 మంది కనీసం ఒక్కసారైనా కళ్ళెదుటి గీతని కాదని గుంపు మాటే చెప్పారు.

తర్వాత ఆయన ఒక మార్పు చేశారు. గుంపులో ఒక్కరి చేత నిజం చెప్పించారు. అప్పుడు గుంపుకి తలవంచడం బాగా తగ్గిపోయింది. గదిలో నోరు మూసుకున్న ఆ పిల్ల నాకెంత ముఖ్యమో ఈ పరీక్ష గురించి చదివాకే అర్థమైంది. లెక్కపెట్టని నోరు ఇంకొక్కటి తోడైతే ఆ రాగం తెగిపోయేదేమో.

పిల్లల విషయంలో ఇంకొకటుంది. శిక్ష పక్కవాడి మీద పడుతున్నంతసేపు తన మీద పడదు. గట్టిగా లెక్కపెడితే "మనవాడే" అనిపించుకోవచ్చు. పదేళ్ళ పిల్లకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

మా మాస్టారు తొడపాశం పెట్టి, గోడకుర్చీ వేయించబట్టే మేం బాగుపడ్డాం. ఇప్పుడెందుకు తప్పయింది?

బాగుపడ్డవాళ్ళే ఈ మాట చెప్పడానికి మిగులుతారు. దెబ్బలకి జడిసి అయిదో తరగతిలో బడి మానేసి చేపల చెరువు మీదకో, ఇటుక బట్టీకో పోయినవాళ్ళు ఈ సభలకి రారు. వాళ్ళని కూడా అడిగితే లెక్క సరిపోతుంది.

"దండం దశగుణం భవేత్" అని నా దగ్గర చాలామంది అన్నారు. ఆ శ్లోకం మొత్తం చదవండి. కర్ర పదింటికి పనికొస్తుందని అందులో ఉంది. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్ళు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. పదీ అయిపోయాయి. పిల్లల మాటెక్కడా లేదు. అది చేతికర్ర గురించిన శ్లోకం. వానాకాలంలో మన చేలగట్ల మీద నడిచేవాళ్ళకి దాని విలువ తెలుసు.

"మొక్కై వంగనిది మానై వంగునా" అనేవాళ్ళకి అరటితోటే చూపిస్తాను. గెల బరువుకి చెట్టు ఒరుగుతుంటే వెదురు ఊతం పెడతాం. ఎటు ఒరుగుతోందో చూసి పెడతాం. ఒక్కో చెట్టుకి ఒక్కోలా.

బళ్ళో కొట్టడం గురించి చట్టం ఏమంటోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని శరీరాన్ని నొప్పించే శిక్షకీ, మానసిక వేధింపుకీ గురిచేయకూడదు. చేసినవాళ్ళ మీద సర్వీసు నియమాల ప్రకారం చర్య తీసుకోవచ్చు. "మానసిక" అన్న మాట అందులో ఉందని చాలామందికి తెలియదు. క్లాసంతా కలిసి ఒకణ్ణి నవ్వులపాలు చేయించడం కూడా దాని కిందికే వస్తుందని నా అభిప్రాయం. అంతకుముందే, 2000లో, ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాల నియమాల్లో బెత్తం దెబ్బలకి వీలిచ్చిన భాగాన్ని కొట్టేసింది.

అందరూ చేసేది ఒక్కడు చెయ్యనంటే బడి ఒప్పుకోవాలా?

దీని మీద సుప్రీంకోర్టు తీర్పే ఉంది. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపించేశారు. జాతీయగీతం పాడేటప్పుడు వాళ్ళు లేచి మర్యాదగా నిలబడేవాళ్ళు, కానీ తమ విశ్వాసం ప్రకారం పాడేవాళ్ళు కాదు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. మౌనంగా, గౌరవంగా నిలబడ్డ పిల్ల ఎవరినీ అవమానించలేదని గుర్తించింది.

ఈ తీర్పు గురించి నేను తొమ్మిదో తరగతిలో చెప్పేదాన్ని. ప్రతి ఏడాదీ క్లాసు రెండుగా చీలి వాదించుకునేది. గదిలో గోల ఎక్కువై పక్క సెక్షన్ మాస్టారు తలుపు కొట్టేవారు. నేను చెప్పిన పాఠాల్లో బాగా జరిగినవి అవే.

యూనిఫాం, అసెంబ్లీ, డ్రిల్లు కూడా ప్రమాదమేనా?

కాదు. చేను ఉన్నవాళ్ళ పిల్లకీ, కూలికెళ్ళేవాళ్ళ పిల్లకీ ఒకే చొక్కా ఉండడం మంచిదే. కబడ్డీ జట్టు ఊపిరి ఒక్కటైతేనే గెలుస్తుంది. ఆట అయిపోయాక పిల్లలు ఎవరికి వాళ్ళు అవుతున్నారా లేదా అన్నదే చూడాలి. చొక్కా ఒకటైతే చాలదు, అభిప్రాయం కూడా ఒకటే కావాలంటేనే చిక్కు.

50 మంది ఉన్న క్లాసుని బెత్తం లేకుండా ఎలా నడపాలి? చెప్పినంత తేలికా?

తేలిక కాదు. కొత్త టీచర్ల మీద నాకు జాలి ఉంది. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒకరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు చొప్పున టీచర్లుండాలంటోంది. గదిలో అంతకు మించి ఉంటే ఆ సంగతి అడగాల్సింది పై అధికారుల్ని. ఆ కోపం పిల్లల వీపుల మీద తీరకూడదు.

నాకు పనికొచ్చినవి చెబుతాను. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే నియమాలు పిల్లల చేతే రాయించాను. అయిదుకి మించనిచ్చేదాన్ని కాదు. ప్రతి నియమం పక్కనా "ఎందుకంటే" అని ఒక వాక్యం ఉండాలి. "ఎందుకంటే" రాయలేకపోతే ఆ నియమం కొట్టేసేవాళ్ళం. ఒకసారి "మధ్యలో నీళ్ళు తాగకూడదు" అని నేను పెట్టిన నియమాన్ని కొట్టేశారు. వాళ్ళదే న్యాయం, మే ఎండలు జూన్‌లో కూడా పోవు మనకి.

తప్పు చేసిన పిల్లతో మాట్లాడాల్సివస్తే వరండాలోకి తీసుకెళ్ళి మాట్లాడేదాన్ని. చూసే జనం లేకపోతే పిల్లకీ మొండితనం తగ్గుతుంది, నాకూ గొంతు తగ్గుతుంది.

ప్రశ్నకి మొదట తమ పుస్తకంలో జవాబు రాసుకుని, తర్వాతే చేతులెత్తాలి. అప్పుడు పక్కవాణ్ణి చూసి మాట మార్చేవాళ్ళు తగ్గారు. తప్పు జవాబు రాసినవాళ్ళు కూడా "నేనిలా అనుకున్నాను" అని చెప్పడం నేర్చుకున్నారు.

అబ్బాయిని రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. అక్కడ చాలా స్ట్రిక్ట్ అంటున్నారు. పరవాలేదా?

ఫోన్లో వాడు మాట్లాడేటప్పుడు పక్కన వార్డెన్ ఉంటున్నాడేమో కనుక్కోండి. ఉంటే వాడు చెప్పే "బానే ఉన్నాను"ని లెక్కలోకి తీసుకోవద్దు. వెళ్ళి కలవండి, బయటికి తీసుకెళ్ళి భోజనం పెట్టించండి, ర్యాంకు మాట ఎత్తకుండా ఒక గంట కూర్చోండి. మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తుంటే, కింది సెక్షన్‌కి పంపినప్పుడు స్నేహితులు వాడితో ఎలా ఉన్నారో అడగండి. నిద్ర ఎన్ని గంటలో అడగండి. వాడు ఏడిస్తే "అందరూ ఉండట్లేదా, నీకేం?" అన్న మాట మాత్రం అనొద్దు. ఆ మాట అక్కడ రోజూ వింటూనే ఉంటాడు.

మన ప్రాంతంలో గుంపుకి ఎదురు నిలిచినవాళ్ళు ఉన్నారా? పిల్లలకి ఎవరి గురించి చెప్పాలి?

దూరం వెళ్ళక్కర్లేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు బడిపంతులే. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా వెలివేస్తామన్నా వెనక్కి తగ్గలేదు.

ఇంకో సంగతి పిల్లలకి చాలా నచ్చుతుంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ప్రసంగించారు. అక్కడి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకి వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాటిని క్రమశిక్షణా రాహిత్యమని శిక్షలు వేశాడు. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కాలేజీ నుంచి బహిష్కరించారు.

"అదీ గుంపే కదా టీచర్, వాళ్ళూ బ్యాడ్జీలే పెట్టుకున్నారు కదా" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! చాలాసేపు మాట్లాడుకున్నాం. రాజమండ్రిలో బ్యాడ్జీ పెట్టుకున్నవాడికి శిక్ష పడింది. పాలో ఆల్టోలో కార్డు లేనివాడే దోషి అయ్యాడు. ఒకచోట ఆ గుర్తు పెట్టుకుంటే నష్టం, ఇంకోచోట పెట్టుకోకపోతే నష్టం. ఏదైనా గుంపులో చేరేముందు ఈ రెండిట్లో ఏదో చూసుకోవాలని ఆ క్లాసే తేల్చింది, నేను కాదు.

బళ్ళో మా పాపని అందరూ కలిసి వెలివేస్తున్నారనిపిస్తోంది. ఎవరితో మాట్లాడాలి?

ముందు పాపతో. ఆ తర్వాత క్లాస్ టీచరుతో, మిగతా పిల్లలు లేనప్పుడు. ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి. వాళ్ళలో మీకు తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు. దెబ్బలు, వేధింపు ఉంటే రాతపూర్వకంగా హెడ్మాస్టరుకీ, మండల విద్యాధికారికీ ఇవ్వండి. పిల్లల సహాయానికి 1098 నంబరు రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు ఖర్చవదు. పాపకి కూడా ఆ నంబరు కంఠతా వచ్చేలా చూడండి.

మా అబ్బాయి క్లాసు లీడరు. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తాడు. తప్పా?

వాడి తప్పు కాదు. కానీ ఆ పని వాడికి మంచిది కాదని టీచరుతో చెప్పండి. పేర్లు రాసే సుద్దముక్క చేతికొచ్చాక ఇష్టమైనవాడి పేరు చెరుపుతాడు, పడనివాడి పేరు పక్కన ఇంటూ గుర్తులు పెంచుతాడు. పెద్దవాళ్ళమే ఆ చేతిని అదుపులో పెట్టుకోలేం. రాని పిల్లలెవరో కనుక్కోవడం, వాళ్ళకి నోట్సు అందించడం లాంటి పని లీడరుకిస్తే వాడికీ మర్యాద, క్లాసుకీ మేలు.

గుంజీళ్ళు తీసిన ఆ అబ్బాయికి మీరు క్షమాపణ చెప్పారా?

చెప్పాను. అదే గదిలో, అదే పిల్లల ముందు. వాడు నేలకేసి చూస్తూ "పర్లేదు టీచర్" అన్నాడు. లీడరు ఏడ్చేశాడు. పడవ మీద వచ్చేవాళ్ళకి మొదటి పీరియడ్‌లో ఆలస్యం ఉండదని ఆ రోజే నిర్ణయం చేశాం.

మర్నాడు పడవ మళ్ళీ ఆలస్యమైంది. నేను బోర్డు మీద గోదావరి పాయలు గీస్తున్నాను. క్లాసు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే వెనక్కి తిరిగాను. వాడు గుమ్మం దగ్గర ఆగి, సంచీ కింద పెట్టి, ఎవరూ ఏమీ అనకుండానే రెండు చెవులూ పట్టుకున్నాడు. వెళ్ళి ఆ చేతులు దించాను. ఆ వారమంతా గుమ్మం దగ్గరికి రాగానే వాడి చేతులు పైకి లేచేవి. దసరా సెలవులు దాటాకగానీ ఆగకుండా నేరుగా లోపలికి వచ్చి తన బెంచీ మీద కూర్చోలేకపోయాడు.